కేంద్రకం లేని ఎర్ర రక్తకణం 120 రోజులు ఎలా బతుకుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. కేంద్రకం కణానికి మెదడు లాంటిదని ఒకచోట చదివింది, మనిషి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకమే ఉండదని ఇంకోచోట చదివింది, మెదడు తీసేశాక 120 రోజులు ఎలా బతుకుతుంది నాన్నా అని అడిగితే మీ దగ్గర జవాబు లేకపోయింది. దానికి తోడు, రక్తం తీసి డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు కదా, కేంద్రకం లేకపోతే అదెలా కుదురుతుంది అని రెండో ప్రశ్న. పిల్ల గట్టిదే.

నేను లెక్చరర్ని కాదండి. ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తం స్లైడులు చూడటం మొదలుపెట్టి 26 ఏళ్లయింది, అక్కడ కంటితో చూసిందే ఎక్కువ చెబుతాను.

ముందు ఆ ‘మెదడు’ అన్న మాట పక్కన పెట్టండి, చిక్కంతా దాంతోనే వచ్చింది. నాకైతే కేంద్రకం అనగానే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు దాచే గది గుర్తొస్తుంది. మీ తాతగారు కొన్న పొలం వివరాలున్న పుస్తకం ఆ గది గడప దాటి బయటికి రాదు. మీరు అర్జీ పెట్టుకుంటే నకలు తీసి ఇస్తారు, ఆ నకలు పట్టుకుని బ్యాంకుకు వెళ్లి లోను తెచ్చుకుంటారు, ఇల్లు కట్టుకుంటారు. రేపు ఆ ఆఫీసు కాలిపోయినా కట్టిన ఇల్లు కూలిపోదు కదా! కాకపోతే మళ్లీ కాగితం కావాల్సిన రోజున మాత్రం ఇవ్వడానికి ఎవరూ ఉండరు.

కణంలో జరిగేదీ దాదాపు ఇదే. దస్తావేజులంటే డీఎన్‌ఏ, మనిషికైతే 46 క్రోమోజోములుగా. ఒక్క కణంలోని డీఎన్‌ఏ మొత్తం సాగదీసి పరిస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది, దాన్ని దాచే కేంద్రకం అడ్డుకొలత చూస్తే మిల్లీమీటరులో 150వ వంతు కూడా సరిగ్గా ఉండదు. హిస్టోన్లనే ప్రొటీన్ ఉండలకు దారంలా చుట్టి చుట్టి పెట్టబట్టే అంత పొడవు అందులో పడుతుంది. ప్రొటీన్లు తయారుచేయడానికి కావాల్సిన జన్యువులు అందులో సుమారు 20 వేలు. ఏ ప్రొటీను కావాలో ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తీసి, కేంద్రకత్వచంలో ఉన్న రంధ్రాల గుండా బయటికి పంపుతారు, బయట రైబోసోములు ఆ నకలు చదివి సరుకు తయారుచేస్తాయి. ఆ రైబోసోముల విడిభాగాలు కూడా కేంద్రకంలోనే, కేంద్రకాంశం అనే చోట తయారై బయటికి వస్తాయి. ఇదంతా మీ అమ్మాయి పుస్తకంలో బొమ్మలతో సహా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆగను.

ఇప్పుడు ఎర్ర కణం దగ్గరికి వద్దాం. అది పుట్టేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది, ఇది చాలామంది పిల్లలకు తెలియదు. పుట్టేది ఎముక మూలుగలో. మూలుగ స్లైడు చూస్తే వరసగా కనిపిస్తాయి: మొదట పెద్ద కణం, కణం నిండా కేంద్రకం, చుట్టూ సన్నగా ముదురు నీలం అంచు. ఆ నీలం ఎందుకంటే అక్కడంతా ఆర్‌ఎన్‌ఏ కిక్కిరిసి ఉంటుంది, అంటే నకళ్లు తీసి బయట పోగేస్తున్నారన్నమాట. తర్వాతి దశలో నీలం మీద గులాబీ రంగు కలుస్తుంది, హిమోగ్లోబిన్ మొదలైంది. ఒక్కో దశ దాటే కొద్దీ గులాబీ పెరుగుతుంది, కేంద్రకం చిన్నదై ముడుచుకుపోయి చివరికి ఇంకు చుక్కలా నల్లగా తయారవుతుంది. ఆ చుక్క కణం అంచుకు జరుగుతుంది, పల్చటి పొర చుట్టుకుని బయటికి ఊడిపోతుంది, పక్కనే కాచుకుని ఉన్న మాక్రోఫేజ్ అనే చెత్త మింగే కణం దాన్ని మింగేస్తుంది.

ఊడిపోయాక కూడా పని ఆగదు. నకళ్లు లోపల మిగిలే ఉంటాయి, రైబోసోములు ఉంటాయి, ఇంకో రెండు మూడు రోజులు హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది. ఈ దశలో ఉన్నదాన్ని రెటిక్యులోసైట్ అంటాం. డాక్టరు ‘రెటిక్ కౌంట్’ రాస్తే మేం చేసేది వీటిని లెక్కపెట్టడమే: ప్రత్యేకమైన నీలం రంగు వేస్తే మిగిలిన ఆర్‌ఎన్‌ఏ చిన్న వలలా కనిపిస్తుంది. ఆ వల కూడా పోయాక అది పూర్తి ఎర్ర కణం. అప్పటికి దాని లోపల సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు సిద్ధంగా ఉంటాయి, గ్లూకోజును విరిచి శక్తి తీసుకునే ఎంజైములు సిద్ధంగా ఉంటాయి, పొర, పొర మీది సోడియం పొటాషియం పంపులు అన్నీ బిగించి ఉంటాయి. ఇల్లు కట్టడం అయిపోయింది, ప్లాను కాగితం కూడా పారేశారు. ఇక ఆ ఇల్లు ఎన్నాళ్లు నిలబడితే అన్నాళ్లు. ఆ ‘అన్నాళ్లు’ సగటున 120 రోజులు, అంతే.

అసలు ఎందుకు పారేస్తుంది అంటారా, హిమోగ్లోబిన్‌కు చోటు కావాలని, సన్నటి రక్తనాళికల్లో మడత పడి దూరాలని పుస్తకాలు చెబుతాయి. తప్పు కాదు. ఈ కణం అడ్డుకొలత ఏడున్నర మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అది దూరాల్సిన దారులు కొన్నిచోట్ల అంతకంటే ఇరుకు, గట్టి గింజ లాంటి కేంద్రకం లోపలుంటే ఇబ్బందే. కానీ ‘కేంద్రకం ఉంటే ఆక్సిజన్ మోయలేదు’ అని మాత్రం రాయనివ్వకండి, కొందరు అలాగే నేర్పుతున్నారు. కోడి, కప్ప, చేప, పాము వీటన్నిటి ఎర్ర కణాల్లో కేంద్రకం నిక్షేపంగా ఉంటుంది, అవీ ఆక్సిజన్ మోస్తూనే ఉన్నాయి.

కోడి అంటే గుర్తొచ్చింది. నేను ట్రైనింగ్‌లో ఉన్న తొలి ఏడాది మా సీనియర్ ఒకాయన లేబుల్ లేని స్లైడు చేతిలో పెట్టి డిఫరెన్షియల్ కౌంట్ చెయ్యమన్నాడు, అంటే తెల్ల కణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్క. ఫోకస్ చేసి చూద్దును కదా, ఫీల్డు నిండా కోలగా ఉన్న కణాలు, ఒక్కోదాని మధ్యలో ముదురు ఊదా రంగు గింజ. ఒక్క మామూలు ఎర్ర కణం లేదు. నాకు చెమటలు పట్టాయి. కేంద్రకం ఉందంటే తెల్ల కణమే అని మన బుర్రలో పడిపోయింది కదా, ఇన్ని తెల్ల కణాలంటే లుకేమియానే, అంటే రక్త క్యాన్సరే అనుకుని పరుగెత్తుకెళ్లి సార్, పేషెంటును వెంటనే పిలిపించాలి అన్నాను. ఆయన టీ తాగుతూ తీరిగ్గా, ‘ఆ పేషెంటు ఈ పాటికి మా ఇంట్లో పొయ్యి మీద ఉడుకుతూ ఉంటాడురా’ అన్నాడు. నాటుకోడి రక్తం! ఆ రోజు నుంచి నేను కేంద్రకం చూసి కణం పేరు చెప్పను, కణమంతా చూశాకే చెబుతాను.

నవ్వుకోవడానికి చెప్పాను గానీ ఇదే పొరపాటు కొన్ని కౌంటింగ్ మెషీన్లూ చేస్తాయి. తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు) తీవ్రంగా ఉన్న పిల్లల్లో, కొందరు నవజాత శిశువుల్లో మూలుగ తొందరపడి కేంద్రకం ఊడని ఎర్ర కణాలను కూడా రక్తంలోకి వదిలేస్తుంది. కొన్ని మెషీన్లు వాటిని తెల్ల కణాల కింద లెక్కేస్తాయి, సీబీపీ, అంటే రక్తకణాల లెక్క రిపోర్టులో తెల్ల కణాలు లేనిపోనివి పెరిగిపోయి ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే స్మియర్, అంటే స్లైడు మీద పల్చగా లాగిన రక్తం చూసి, 100 తెల్ల కణాలకు ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కేసి కౌంటు సరిచేస్తాం.

ఇంకోటి కూడా కనిపిస్తుంది. కేంద్రకం బయటికి పోయేటప్పుడు ఒక్కోసారి చిన్న ముక్క లోపల మిగిలిపోతుంది, గులాబీ రంగు కణంలో గుండ్రటి ఊదా చుక్కలా. హోవెల్-జాలీ బాడీ అంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ప్లీహం (స్ప్లీన్) ఆ ముక్కను కణం నుంచి పీకి పారేసి కణాన్ని మళ్లీ వదులుతుంది, కాబట్టి మాకు కనపడదు. కనపడిందంటే మేం ముందు అడిగేది ‘ప్లీహం తీసేశారా?’ అని. ఎర్ర కణాలు కొడవలిలా వంకరపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ప్లీహం దెబ్బతిని ఎండిపోతుంది కాబట్టి వాళ్ల స్లైడులోనూ ఉంటుంది. మా దగ్గరికి ఏజెన్సీ గ్రామాల నుంచి వచ్చే శాంపిళ్లలో సికిల్ సెల్ తరచుగా తగులుతుంది, కొడవలి ఆకారం కణాల పక్కనే ఈ చుక్కలు కనిపిస్తాయి.

సికిల్ సెల్ గురించి ఒక్క మాట చెప్పాలి, మీ ప్రశ్నకు దగ్గరి సంబంధం ఉంది. తప్పు ఉన్నది 11వ క్రోమోజోములో, బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం దగ్గర. దాని వల్ల ప్రొటీన్లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తుంది. బాధపడేదేమో ఆ క్రోమోజోమే లేని కణం. దస్తావేజులో తప్పు పడింది, దాని ప్రకారం కట్టిన ఇల్లు వంకర పోయింది, ఇప్పుడు ఇంటి ముందు నిలబడి దస్తావేజు దిద్దుతానంటే కుదరదు. అందుకే శాశ్వత చికిత్స ఏదైనా మూలుగలోని మూలకణాల దగ్గరికే వెళ్తుంది: వేరేవాళ్ల మూలుగ ఎక్కించడం, లేదా 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు ఎడిటింగ్ పద్ధతి.

సరే, కేంద్రకం పోయినందుకు కణం చెల్లించే ధర ఏంటి? రిపేరు ఉండదు. మామూలు కణంలో ఒక ఎంజైము అరిగిపోతే ఇంకో నకలు తెప్పించి కొత్తది చేసుకుంటుంది, దీనికి ఆ దారి లేదు. ఇది ల్యాబ్‌లో స్పష్టంగా కనిపించేది జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో. ఆ ఎంజైము ఎర్ర కణాన్ని ఆక్సీకరణ దెబ్బల నుంచి కాపాడుతుంది. లోపం ఉన్నవాళ్లలో కొత్త కణానికి ఎంజైము కొంత ఉంటుంది గానీ, అది త్వరగా పాడైపోయే రకం, కణం ముసలిదయ్యే కొద్దీ అయిపోతుంది. వైవాక్స్ మలేరియాకు ప్రిమాక్విన్ వేశారనుకోండి, ముందు పగిలేవి ముసలి కణాలే. మూత్రం నల్లగా వస్తుంది, కామెర్లు వస్తాయి. అందుకే ఆ మాత్ర వేసే ముందు జీ6పీడీ పరీక్ష చేయించమంటారు. ఇందులో ఒక మెలిక ఉంది, కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లు పడేది ఇక్కడే: కణాలు అలా పగిలిపోయిన వెంటనే పరీక్ష చేస్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు. ఎందుకంటే ముసలివి పోయాయి, మిగిలినవి, మూలుగ హడావిడిగా పంపినవి అన్నీ కుర్ర కణాలు, వాటిలో ఎంజైము ఇంకా ఉంది. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయాలి.

‘ఇది ఎర్ర కణం కథ, మిగతా కణాల్లో కేంద్రకం తీసేస్తే?’ అని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. దీనికి చక్కటి ప్రయోగం ఉంది. సముద్రంలో ఎసిటాబులేరియా అనే ఆకుపచ్చ శైవలం ఉంటుంది, కొన్ని సెంటీమీటర్ల పొడవు, కింద వేరు లాంటి భాగం, సన్నటి కాడ, పైన గొడుగు, అంతా కలిపి ఒకే ఒక్క కణం. కేంద్రకం కింద వేరు భాగంలో ఉంటుంది. 1930ల్లో జర్మనీలో యోయాఖిమ్ హేమర్లింగ్ అనే ఆయన దీని గొడుగు, వేరు రెండూ కోసేసి, కేంద్రకం లేని కాడను ఊరికే నీళ్లలో వదిలాడు. ఆ కాడ చావలేదు, పైగా కొత్త గొడుగు పెట్టుకుంది! ఆ గొడుగునూ కోసేస్తే మాత్రం రెండోది పెట్టలేకపోయింది. కేంద్రకం ఉన్న ముక్క అయితే ఎన్నిసార్లు కోసినా పెడుతూనే ఉంది. కాడలో నకళ్లు ఒక గొడుగుకు సరిపడా ఉన్నాయి, అవి ఖర్చయిపోయాయి.

ఇంకా బాగుండేది ఆయన అంట్లు కట్టిన ప్రయోగం. ఒక జాతి గొడుగు గుండ్రంగా ఉంటుంది, ఇంకో జాతిది వేళ్లు విడదీసినట్టు చీలి ఉంటుంది. ఒకదాని కాడను రెండోదాని కేంద్రకం ఉన్న వేరుకు అతికించాడు. మొదట వచ్చిన గొడుగు రెండిటికీ మధ్యస్థంగా ఉంది. దాన్ని కోసేస్తే తర్వాత వచ్చింది పూర్తిగా కేంద్రకం ఎవరిదో ఆ జాతిది. కాడలో మిగిలిన పాత నకళ్లు, కొత్త ఆఫీసు నుంచి వచ్చిన నకళ్లు కలిసి మొదటి గొడుగు కట్టాయి, పాతవి అయిపోయాక కొత్త ఆఫీసు మాటే చెల్లింది. ఆ కాలానికి ఆర్‌ఎన్‌ఏ నకలు సంగతి ఎవరికీ తెలియదు, కత్తెర, ఓపిక రెండూ పెట్టుకుని ఆయన దాని దాకా వెళ్లాడు. నాకు బాగా నచ్చిన ప్రయోగాల్లో ఇదొకటి.

మొక్కల్లో ఆహారాన్ని మోసే చాలనీ నాళాల్లోనూ కేంద్రకం ఉండదు, పక్కన అంటిపెట్టుకుని ఉండే సహకణాలే వాటి అవసరాలు చూస్తాయి. మన కంటి కటకం లోపలి కణాలూ కేంద్రకం వదిలేస్తాయి, లేకపోతే కాంతి చెదిరిపోయి మసకగా కనిపించేది. చర్మం పైపొర, గోళ్లు, వెంట్రుక కాడ, ఇవన్నీ ఎలాగూ చచ్చిన కణాలే.

రెండో ప్రశ్న. రక్తంతో డీఎన్‌ఏ పరీక్ష తెల్ల కణాల మీదే జరుగుతుంది. ఒక మైక్రోలీటరు రక్తంలో ఎర్ర కణాలు సుమారు 50 లక్షలు ఉంటే తెల్లవి 4 వేల నుంచి 11 వేలు, చూడ్డానికి తక్కువే గానీ ఒక మిల్లీలీటరుకు లెక్కేస్తే కనీసం 40 లక్షల కేంద్రకాలు. చాలా ఎక్కువ. నిజానికి డీఎన్‌ఏ తీసేటప్పుడు మొదటి పని ఎర్ర కణాలను పగలగొట్టి కడిగేయడం, వాటితో పని లేదు, పైగా హిమోగ్లోబిన్ తర్వాత డీఎన్‌ఏ నకళ్లు పెంచే పీసీఆర్ అనే పద్ధతికి అడ్డం పడుతుంది. 1980ల చివర్లో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారి బృందం సొంతంగా డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి తయారుచేసింది, దానికీ రక్తమైతే తెల్ల కణాలే ఆధారం. కుదురు లేని వెంట్రుక దొరికితే ఎక్కువగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద ఆధారపడతారు, అది తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది. అంటే దస్తావేజులన్నీ కేంద్రకంలోనే ఉంటాయన్నది కూడా పూర్తి నిజం కాదు, మైటోకాండ్రియాలో 37 జన్యువుల చిన్న కట్ట విడిగా ఉంది.

కేంద్రకం పని ఆలస్యమైతే కణం ఎలా తయారవుతుందో చూడాలంటే బీ12, ఫోలిక్ ఆమ్లం తక్కువైనవాళ్ల స్లైడు చూడాలి. డీఎన్‌ఏ రెట్టింపు కావడానికి ఆ రెండూ కావాలి. అవి లేకపోతే కేంద్రకం పసిదశలోనే ఉండిపోతుంది, చుట్టూ ఉన్న కణద్రవ్యం మాత్రం హిమోగ్లోబిన్ నింపుకుంటూ పెరిగిపోతుంది, కణం విభజన జరగక ఉబ్బిపోతుంది. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్ కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా (ముక్కలుగా విడిపోయినట్టు) ఉంటుంది, వీళ్లలో ఆరు తమ్మెలున్నది ఒక్కటి కనిపించినా నేను బీ12 చూడమని రాస్తాను. ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే అణువును కాస్త మార్చి, డీఎన్‌ఏ తయారీకి అడ్డుపడేలా చేసిన మందులూ ఆయన బృందం నుంచే వచ్చాయి, 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు వాడింది ఆ కోవలోదే. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ అనే మందు ఇప్పటికీ వాడుతున్నాం.

మెదడు అన్న పోలిక నాకు నచ్చకపోవడానికి ఇంకో కారణం ఉంది. కేంద్రకం కణానికి ఆజ్ఞలిస్తుందన్నట్టు చెబుతారు, చాలాసార్లు వ్యవహారం తిరగబడి ఉంటుంది. మీ చర్మకణంలో, నరాల కణంలో ఉన్న దస్తావేజులు ఒకటే, ఏ పుస్తకం తెరవాలి ఏది మూసి ఉంచాలి అన్నది చుట్టూ ఉన్న కణద్రవ్యం నుంచి వచ్చే ప్రొటీన్లే చాలావరకు తేలుస్తాయి. 1962లో జాన్ గర్డన్ కప్ప గుడ్డులో కేంద్రకాన్ని నాశనం చేసి, తోకకప్ప (కప్ప పిల్ల) పేగు కణం కేంద్రకాన్ని అందులో పెడితే, కొన్నిట్లో మళ్లీ మొదటి నుంచి జీవి తయారైంది. గుడ్డు చెప్పింది, కేంద్రకం విన్నది. 2012లో నోబెల్ వచ్చింది దానికి. 2009లో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టించిన గరిమ అనే క్లోన్ గేదె దూడ వెనక ఉన్నదీ ఈ సూత్రమే. ఒట్టి కేంద్రకాన్ని తీసి పక్కన పెడితే అదీ బతకదండి.

ఎర్ర కణాన్ని జీవకణం అనొచ్చా అని అడిగితే, అనొచ్చనే నేనంటాను. గ్లూకోజు తింటుంది, శక్తినిచ్చే ఏటీపీ చేసుకుంటుంది, ఉప్పునీళ్ల లెక్క చూసుకుంటుంది, పిల్లల్ని కనలేదు, అంతే. పరీక్షలో మాత్రం ‘కణానికి మెదడు’ అని బిట్టు వస్తే మారు మాట్లాడకుండా కేంద్రకం అని పెట్టి రమ్మనండి, అక్కడ వాదన వద్దు.

వీలైతే కాలేజీ ల్యాబ్‌లో ఒక పని చేయించండి. చికెన్ షాపులో రక్తం గడ్డకట్టేలోపు పట్టాలి కాబట్టి దగ్గర్లోని ల్యాబ్‌లో ఊదా మూత ఉన్న, రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబు ఒకటి అడిగి తీసుకోండి, గ్లవుజులు వేసుకోండి. మేడమ్ పర్యవేక్షణలో కొత్త లాన్సెట్‌తో తన వేలి నుంచి ఒక చుక్క తీసి ఒక స్లైడు మీద, కోడిది ఇంకో స్లైడు మీద పల్చగా లాగి ఆరనిచ్చి, లీష్మన్ స్టెయిన్ అనే రంగు పోసి రెండు నిమిషాలు, దాని మీదే రెట్టింపు బఫర్ నీళ్లు పోసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఉంచి కడగాలి. కుళాయి నీళ్లు పోయకండి, రంగు చెడిపోతుంది. స్లైడు మందంగా ఉన్నచోట ఏమీ తెలియదు, తోక వైపు కణాలు విడివిడిగా పరుచుకున్నచోట చూడమనండి.